మొద్దుల కోతకు తగిన చైన్ ఇవ్వండి

సంపాదకుల వారికి,

మా నిడమనూరు, హాలియా వైపు కాపు తగ్గిన బత్తాయి తోటలు తీసేస్తే, మొద్దుల పని మాలాంటి చైన్ రంపం మిషన్ వాళ్లకు వస్తుంది. పైన మాను కోయడం తేలికే. నేల మట్టానికి మొద్దు కోసేటప్పుడే చైన్లు పాడై కూలి గిట్టడం లేదు. ఈ నష్టం చాలావరకు దుకాణంలోనే మొదలవుతోంది.

'బార్ ఎన్ని అంగుళాలు?' అని, అంటే చైన్ తిరిగే పొడవాటి పట్టీ ఎంత అని ఒక్క మాట అడిగి చైన్ చేతిలో పెడతారు. అది చాలదు. పిచ్ (లింకుల మధ్య ఎడం), గేజ్ (బార్ గాడిలో దిగే లింకు మందం), ఆ గాడిలో నడిచే లింకుల లెక్క మూడూ కుదరాలి. నా 58 సీసీ మిషన్‌కు 22 అంగుళాల బార్, .325 అంగుళం పిచ్, .058 అంగుళం గేజ్, 86 లింకులు. .063 గాడి ఉన్న బార్‌కు .058 చైన్ వేస్తే పక్కకు ఒరిగి కోత వంకర పోతుంది.

అంతకంటే ముఖ్యం చైన్‌కు ఉండే కోత పన్ను. ఫుల్ చిజెల్ పన్ను మూల కోసుగా ఉంటుంది, శుభ్రమైన కర్రను వేగంగా తెంపుతుంది. మా ఎర్ర చెలకల్లో మొద్దు బెరడు సందుల నిండా ఇసుక, గరుసు. ఆ మూల వాటికి తగిలితే అక్కడికక్కడే మొండిబారుతుంది. అప్పుడు పొట్టు రవ్వలుగా రాదు, పిండిలా రాలుతుంది. కోసేవాడు మిషన్‌ను బలంగా ఒత్తుతాడు, బార్ వేడెక్కుతుంది. సెమీ చిజెల్ పన్ను మూల కాస్త గుండ్రం. కోత కొంచెం నిదానమే గాని పదును ఆగుతుంది. మొద్దులకు కావలసింది అదే. పళ్లకు కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం ఉండే చైన్ ఇసుకకు ఇంకా బాగా ఆగుతుంది, కానీ ఖరీదెక్కువ, మన దగ్గరుండే ఆకురాయితో సాన పట్టలేం.

బత్తాయి మొద్దుకు 22 అంగుళాల బార్ అక్కర్లేదు, 18 చాలు. పొడవు బార్ కొన నేలలోనో పక్క వేరులోనో దిగుతుంది. కొన పైభాగం గట్టిదానికి తగిలితే మిషన్ ఒక్కసారిగా మనిషి ముఖం మీదికి ఎగురుతుంది. చెప్పులతో, తలకు తువ్వాలతో ఈ పని చేసే పిల్లలను చూస్తే నాకు గుండె గుబేలుమంటుంది.

రైతులకూ ఒక మనవి. మేం వచ్చేలోపు మొద్దు చుట్టూ పారతో మట్టి తీసి, గొడ్డలితో బెరడు చెక్కించండి. సగం పదును అక్కడే మిగులుతుంది.

దుకాణదారులు సెమీ చిజెల్ చైన్లు, .325కు సరిపడే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాళ్లు తప్పక ఉంచాలి. కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల వారు మిషన్ కోతపై, పదును పెట్టడంపై మా యువకులకు చేతిలో మిషన్ పెట్టి ఒక రోజు శిక్షణ ఇప్పించాలి. వానాకాలం దున్నకాలకు ముందే, వేసవిలో పెడితే అందరం వస్తాం.

— మిషన్ కోత పనివాడు, నిడమనూరు మండలం, నల్గొండ జిల్లా