ఐసా డబ్బు మీ చేత్తో తీయకండి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో ఉంటూ మీ పత్రిక చదివే మనవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ కోసమే ఈ ఉత్తరం. ఇక్కడ ఐసా (ISA) అనే పన్ను లేని పొదుపు ఖాతాలు ఉన్నాయి, వాటిలో మామూలు బ్యాంకు డిపాజిట్ లాంటి క్యాష్ ఐసా 1999 నుంచి ఉంది. ఐసాలన్నిటిలో కలిపి ఏడాదికి 20,000 పౌండ్ల దాకా వేసుకోవచ్చు, వడ్డీ మీద పన్ను లేదు. ఇదంతా తెలిసిందే. దాన్ని ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు ఎలా మార్చాలో మాత్రం నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది.

నేను ఖాతా తెరిచినప్పుడు వడ్డీ బాగానే ఉండేది, కానీ అందులో సగానికి పైగా మొదటి ఏడాది బోనస్ అట, ఆ ఏడాది దాటగానే రేటు దభీమని పడింది, బ్యాంకు ఈమెయిల్ పంపానంటోంది కానీ బ్యాంకు ఈమెయిళ్ళు ఎవరు చదువుతారండీ! రెండేళ్ళు అలాగే గడిచాయి. కొత్తగా చేరేవాళ్ళకు అదే బ్యాంకు మంచి వడ్డీ ఇస్తోందని చూసి ఒళ్ళు మండి, ఉన్న 27,000 పౌండ్లూ కరెంట్ అకౌంట్లోకి లాగేసి వేరే బ్యాంకులో కొత్త ఐసా తెరిచాను. అక్కడ 20,000 దగ్గర ఆపేశారు. మిగతా 7,000 బయటే ఉండిపోయింది, పైగా ఆ ఏడాది కోటా మొత్తం పాత డబ్బుకే ఖర్చయిపోయింది. ఫ్లెక్సిబుల్ ఐసా అనే రకం అయితే, తీసిన డబ్బును కోటా తగ్గకుండా ఆ పన్ను సంవత్సరం లోపల తిరిగి అదే ఖాతాలో వేసుకోవచ్చు. నాది అది కాదు.

చేయాల్సింది చాలా సులువు. పాత బ్యాంకు జోలికి పోకుండా, కొత్త బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడే ట్రాన్స్‌ఫర్ ఫారం నింపితే వాళ్ళే డబ్బు తెప్పించుకుంటారు, క్యాష్ ఐసా నుంచి క్యాష్ ఐసాకైతే 15 పనిదినాల్లో అయిపోవాలి. గత ఏళ్ళ డబ్బు ఇలా వస్తే ఈ ఏడాది కోటాలో పైసా తగ్గదు. అయితే బయటి ఐసాలను తీసుకోని బ్యాంకులూ ఉన్నాయి, ముందే కనుక్కోండి. ఫిక్స్‌డ్ రేటు ఖాతాను గడువుకు ముందే కదిలిస్తే వడ్డీలో కోత పడుతుంది, అది పోగా ఏమైనా మిగులుతుందా అని లెక్క వేసుకోవాలి.

మా స్నేహితుడొకడు, ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా ఎలాగూ పన్ను లేదు కదా, ఈ టెన్షన్ అంతా ఎందుకంటాడు. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకు అది నిజమే, 40 శాతం వాళ్ళకు అది 500 మాత్రమే, ఆ పై శ్లాబుకు అసలేమీ లేదు. పైగా 2027 ఏప్రిల్ నుంచి 65 ఏళ్ళలోపు వాళ్ళు క్యాష్ ఐసాలో ఏడాదికి 12,000 మించి వేయడానికి లేదని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు, అంటే ఒకసారి బయటికి తీసిన డబ్బును మళ్ళీ లోపల పెట్టడానికి ఇంకా ఎక్కువ ఏళ్ళు పడుతుంది.

బోనస్ అయిపోయే నెలలో ఆ ముక్కేదో యాప్ తెరవగానే పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టడానికి బ్యాంకులకు ఏం అడ్డమొస్తుందో మాత్రం నాకు అర్థం కాదు. లోన్ ఇస్తామనే ప్రకటనలైతే రోజూ అక్కడే కనబడుతున్నాయి.

— ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్