ప్రాజెక్టు వైవా విద్యార్థి ల్యాప్‌టాప్‌లో వద్దు

సంపాదకులకు నమస్కారం.

బీటెక్ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టులకు మార్కులు వేసే తీరు గురించి రాస్తున్నాను. పల్నాడు జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ప్రోగ్రామర్ని. వైవా నాడు ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి కాలేజీ నుంచి పరీక్షకుడిగా వచ్చిన మాస్టారికి పిల్లలు తమ ల్యాప్‌టాప్ తెరిచి చూపిస్తారు. ఆయన రెండు ప్రశ్నలడిగి సంతకం పెడతారు. ఆ ప్రోగ్రాం ఇంకో మెషీన్‌లో నడుస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టయితే అమ్మినవాళ్లే ఎనీడెస్క్‌లో (దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) వచ్చి ఇన్‌స్టాల్ చేసి పోతారు. వైవా అయ్యేదాకా ఆ ల్యాప్‌టాప్‌ని అప్‌డేట్ చేయడానికి కూడా పిల్లలకు భయమే.

నేను కోరేది ఒకటే. క్లౌడ్‌లో అప్పటికప్పుడు తెరిచిన ఖాళీ కంటైనర్‌లో, అంటే ప్రోగ్రాం నడవడానికి విడిగా కట్టిన గదిలాంటి చోట, ప్రాజెక్టును నడిపి చూపించమనండి. మార్కులు వేశాక దాన్ని చెరిపేయవచ్చు.

కంటైనర్లు తయారుచేసి నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ 2013లో వచ్చినప్పటి నుంచి ఐటీ కంపెనీల్లో ఇది మామూలు పనైపోయింది. ప్రోగ్రాంకి ఏ పైథాన్ వెర్షన్ కావాలో, ఏ లైబ్రరీలు కావాలో డాకర్‌ఫైల్ అనే చిన్న ఫైల్లో రాస్తారు. పెళ్లి వంటకి వంటమేస్త్రి రాసిచ్చే సరుకుల చీటీ లాంటిదది. చీటీలో లేనిది వంటలోకి రాదు. వర్చువల్ మెషీన్‌లా (కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్) ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం లేవాల్సిన పని లేదు కాబట్టి, ఒకసారి ఆ చీటీ ప్రకారం ఇమేజ్ (కంటైనర్‌కి అచ్చు) తయారయ్యాక కంటైనర్ సెకన్లలో మొదలవుతుంది.

అలా నడిపితే లోపాలు వాటంతటవే బయటపడతాయి. ఫొటో ఉన్న చోటు సీ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్ అని కోడ్‌లోనే రాసేసి ఉంటుంది. ఫైల్ పేరు పెద్ద 'హెచ్'తో ఉండి, కోడ్‌లో చిన్న 'హెచ్'తో పిలుస్తారు. విండోస్ పట్టించుకోదు, లినక్స్ ఒప్పుకోదు. డేటాబేస్ ల్యాప్‌టాప్‌లోని గ్జాంప్ అనే లోకల్ సర్వర్‌లోనే ఉండిపోతుంది, దాని ఎగుమతి ఫైలు ఎవరి దగ్గరా ఉండదు. మెషీన్ లెర్నింగ్ మోడల్ ఫైలు 100 ఎంబీ దాటితే, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు తీసుకోదు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో తిరుగుతుంటుంది. ఇవన్నీ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో తిట్లు తినిపించే సంగతులే.

డబ్బులెవరిస్తారని మా వాళ్లే అడుగుతారు. బ్రౌజర్‌లోనే క్లౌడ్ కంటైనర్ తెరిచే గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ అనే సేవలో ఉచిత వ్యక్తిగత ఖాతాకి నెలకు 120 కోర్ గంటలు (ప్రాసెసర్ కోర్ల సంఖ్యని గంటలతో గుణించిన లెక్క) ఇస్తారు. రెండు కోర్ల మెషీన్ మీద అది 60 గంటలు. వైవాకి గంట చాలు. అరగంట ముట్టుకోకపోతే దానంతటదే ఆగుతుంది. కార్డు ఇవ్వనక్కర్లేదు, కోటా అయిపోతే పని ఆగుతుంది తప్ప బిల్లు రాదు. నాన్నగారి కార్డుతో వేరే క్లౌడ్‌లో సర్వర్ తెరిచి, ఆపడం మర్చిపోయి, ఇంట్లో చెప్పలేక టెన్షన్ పడే పిల్లల్ని చూస్తుంటాను కాబట్టి ఇది నొక్కి చెబుతున్నాను.

డాకర్‌ని ల్యాబ్‌లోనే పెట్టుకోవచ్చు కదా అంటారు. 4 జీబీ ర్యామ్ మెషీన్లలో విండోస్ నడవడమే గొప్ప. పైగా లాగిన్ లేకుండా ఇమేజ్‌లు దించుకునేవాళ్లకి, అవి దొరికే డాకర్ హబ్ సైటు 2020 నుంచి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్ చిరునామా) లెక్కన పరిమితి పెట్టింది. ల్యాబ్ మొత్తం బయటికి ఒకే ఐపీతో వెళ్తుంది, సగం బ్యాచ్‌కే తలుపు మూసుకుంటుంది. క్లౌడ్ కంటైనర్‌కైతే బ్రౌజర్ చాలు, కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్‌తో లాగించవచ్చు. జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) మీద మోడల్‌కి శిక్షణ ఇవ్వడం అందులో కుదరదు, నిజమే. కానీ వైవాలో చూపించేది శిక్షణ అయిపోయిన మోడల్‌నే కదా!

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. హాస్టల్ పిల్లల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు టెస్ట్ డేటాగా వాడేవాళ్లున్నారు. కంటైనర్‌లో నడిచే ప్రోగ్రాంని బయటికి చూపించే పోర్ట్‌ని పబ్లిక్ చేస్తే లింకు దొరికిన ఎవరైనా తెరవగలరు. అందుకని కల్పిత వివరాలే వాడమనాలి.

జేఎన్టీయూలు ప్రాజెక్టు మార్గదర్శకాల్లో రెండు వాక్యాలు చేర్చాలని మనవి. డాకర్‌ఫైల్ జీరోత్ రివ్యూలోనే (ప్రాజెక్టు మొదట్లో జరిగే తొలి సమీక్ష) చూపించాలని ఒకటి, వైవాలో ఎక్స్‌టర్నల్ సొంత ఖాతాలో ప్రాజెక్టును కొత్తగా తెరవాలని రెండోది. దానికి ముందు గైడ్‌లకి కొన్ని రోజులు శిక్షణ ఇప్పించాల్సిన బాధ్యత మాత్రం యాజమాన్యాలదే.

– ఒక ల్యాబ్ ప్రోగ్రామర్, నరసరావుపేట