మా మరిదికి గది ఇచ్చినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మా మరిది చదివి సరేనన్నాకే ఇది పెడుతున్నాను. పేరూ ఊరూ వద్దన్నాడు, మిగతాది రాయమన్నాడు. "మనవాళ్లలో ఇంకెవరికైనా పనికొస్తుంది వదినా" అన్నది తనే.

ఈ మధ్యే తన పేరు మీద లీజు రాసుకుని చిన్న స్టూడియో అపార్ట్‌మెంట్‌లోకి మారాడు. అద్దెలో కొంత తన వంతు, మిగతాది హౌసింగ్ వోచర్, అంటే ప్రభుత్వం కట్టే అద్దె సాయం. అంతకు ముందు ఇక్కడ కాలిఫోర్నియాలో మా కౌంటీ వాళ్ల బ్రిడ్జ్ హౌసింగ్‌లో ఉన్నాడు. దానికీ ముందు కార్లో. కారును టో చేసి తీసుకుపోయాక ఫ్రీవే పక్కన టెంట్‌లో. జబ్బు స్కిజోఫ్రీనియా. ఎమ్మెస్ చేసి, ఉద్యోగం చేసుకుంటున్న మనిషి, తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారన్న భయంతో ఒక రాత్రి మా ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయను. ఇప్పుడు థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు.

మొదట ఔట్‌రీచ్ టీములో, అంటే వీధుల్లో ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లి సాయం చేసే బృందంలో పనిచేసే ఆవిడకి. ఆ టెంట్ దగ్గరికి ఆవిడ మంచినీళ్ల సీసాలు, సాక్సులు పట్టుకుని వచ్చేవారు. తను మొహం తిప్పుకుంటే అక్కడ పెట్టేసి వెళ్లిపోయేవారు. మళ్లీ వచ్చేవారు. సంతకం పెట్టమని కాగితాలు తీయలేదు, ఆస్పత్రికి రమ్మని బతిమాలలేదు. చాలా వారాలకి ఒకరోజు "నీకేం కావాలి" అని అడిగితే, "లోపల తాళం వేసుకునే గది" అన్నాడట. ఆవిడ ఆ మాటనే పట్టుకున్నారు. మందులు, డాక్టరు, ఫారాలు అన్నీ తర్వాత. ముందు తాళం ఉన్న గది వెతికారు.

బ్రిడ్జ్ హౌసింగ్ అంటే ఏమిటని చాలామంది అడుగుతున్నారు. తీవ్రమైన మానసిక జబ్బో, మత్తు అలవాటో ఉండి ఇల్లు లేనివాళ్లకి శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా ఇచ్చే చోటు అది. 2022 బడ్జెట్‌లో కాలిఫోర్నియా దీనికి 150 కోట్ల డాలర్లు పెట్టింది. రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖ ఆ డబ్బు కౌంటీల బిహేవియరల్ హెల్త్ (మానసిక జబ్బులు, మత్తు అలవాట్లు చూసే) విభాగాలకీ, ఆదివాసీ తెగల సంస్థలకీ ఇస్తుంది. దాంతో తాత్కాలిక గదులు నడపొచ్చు, అద్దెకి సాయం చేయొచ్చు, బోర్డ్ అండ్ కేర్ ఇళ్లలో (తిండి, వసతితో పాటు రోజూ కనిపెట్టుకుని చూసుకునే ఇళ్లు) ఉండేవాళ్ల తరఫున డబ్బు కట్టొచ్చు. ఊరికే మంచం చూపించి వదిలేయరు. పక్కనే కేస్ మేనేజర్ ఉంటారు, ఇల్లు వెతికిపెట్టే మనిషి ఉంటారు.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది, గది ఇవ్వడానికి మందు వేసుకోవాలన్న షరతు లేకపోవడం. ముందు ఇల్లు, తర్వాత వైద్యం అనే ఈ పద్ధతిని కాలిఫోర్నియా 2016లోనే చట్టంలో పెట్టింది. దీన్ని తప్పుబట్టేవాళ్లు ఉన్నారని తెలుసు. మేం చూసింది చెప్తాను. అంతకు ముందు మా మరిదిని పోలీసులు ఆస్పత్రికి తీసుకెళ్లిన సందర్భాలున్నాయి. ఇక్కడ దాన్ని 5150 అంటారు, మనిషి ఒప్పుకోకపోయినా 72 గంటల వరకు ఉంచుకోవచ్చు. ఆ తర్వాత చేతిలో మందుల చీటీతో మళ్లీ అదే టెంట్‌కి. ఆ మాత్రలు ఎక్కడ దాచుకోవాలి? సంచీయే దొంగలెత్తుకుపోయే చోట, నిద్రపోతే ఏమవుతుందో అని రాత్రంతా మేలుకుని ఉండే మనిషి ఏ పూట మాత్ర ఆ పూట ఎలా వేసుకుంటాడు? గదిలోకి వచ్చిన కొత్తలో తను చేసింది పడుకోవడమే. కంటినిండా నిద్రపోయాక, నర్సుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. నెలకోసారి తీసుకునే ఇంజెక్షన్‌కి ఒప్పుకున్నాడు. "మందు వేసుకుంటేనే గది" అని ఉండుంటే ఇవాళ్టికీ ఆ టెంట్‌లోనే ఉండేవాడు.

ఆ నర్సమ్మకి, రాత్రి డ్యూటీ చేసే అన్నకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఎవరో వండిన తిండి మా మరిది ముట్టడని కనిపెట్టింది ఆ అన్నే. సీలు తీయని పెరుగు కప్పులు, పండ్లు, ప్యాకెట్లు తెచ్చి, "నువ్వే విప్పుకో" అని బల్ల మీద పెట్టి పక్కకి జరిగేవాడట. వాదించలేదు, నీది భ్రమ అనలేదు. తర్వాత తర్వాత మా మరిది తనంతట తనే వంటగదిలోకి వచ్చి గుడ్డు పొరటు వండుకున్నాడు. ఇది విని తెనాలిలో మా అత్తయ్య ఫోన్లోనే ఏడ్చేశారు. మాకు రాత్రి, తెనాలిలో పొద్దున అయ్యే వేళ చూసి, వీడియో కాల్‌కి తమ ఆఫీసు గది ఖాళీ చేసిచ్చిన సిబ్బందికీ దణ్ణాలు.

పీర్ సపోర్ట్ స్పెషలిస్ట్ ఒకాయన ఉన్నారు. ఒకప్పుడు తనూ అదే జబ్బుతో వీధిలో ఉండి, కోలుకుని, శిక్షణ పొంది ఇప్పుడు ఈ ఉద్యోగం చేస్తున్నారు. మేం చెబితే విననివి ఆయన చెబితే విన్నాడు. ఇల్లు వెతికిపెట్టే హౌసింగ్ నావిగేటర్, మా మరిది పోగొట్టుకున్న కాగితాలన్నీ ఒక్కొక్కటే తిరిగి తెప్పించారు. ఇల్లు లేనివాళ్లకి డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే శాఖ) వాళ్లు రుసుము లేకుండా ఐడీ కార్డు ఇస్తారని ఆవిడ చెప్పేదాకా మాకు తెలియదు.

ఇప్పుడు మన తెలుగు కుటుంబాలకి రెండు మాటలు. కేర్ కోర్టు అని ఒకటి ఉంది, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లకి వైద్యం, ఇల్లు లాంటి సాయం అందేలా చూసే కోర్టు. 2023 అక్టోబరులో కొన్ని కౌంటీల్లో మొదలై, 2024 డిసెంబరుకి రాష్ట్రమంతా వచ్చింది. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు ఉన్నవాళ్ల కోసం తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్లు, భార్య లేదా భర్త పిటిషన్ వేయొచ్చు. మా ఆయన అన్న కాబట్టి వేయగలిగారు. ఫీజు లేదు. కోర్టు అనగానే కేసనుకుని అత్తయ్య హడలిపోయారు కానీ ఇది నేరం విచారించే కోర్టు కాదు. మా మరిదికి ఉచితంగా లాయర్ని ఇచ్చారు. బ్రిడ్జ్ హౌసింగ్‌లో కేర్ కోర్టు ద్వారా వచ్చినవాళ్లకి ప్రాధాన్యం ఉంటుంది, మాకు అదే కలిసొచ్చింది.

రెండోది, ఆస్పత్రికి ఫోన్ చేస్తే "ప్రైవసీ చట్టం, ఏమీ చెప్పలేం" అంటారు. వాళ్లు చెప్పకూడకపోవచ్చు గానీ, మీరు చెప్పేది వినకూడదని ఏ చట్టమూ అనదు. 5150 మీద ఉంచినప్పుడు కుటుంబం ఇచ్చే సమాచారాన్ని పరిగణనలోకి తీసుకోవాలని ఏబీ 1424 అనే చట్టం 2002 నుంచి ఉంది. చాలా కౌంటీలు దానికి ఫారం పెట్టాయి. ఏ మందు పడింది, ఏది పడలేదు, ఎప్పుడు మొదలైంది, అన్నీ రాసి ఇవ్వండి.

ఈ గదుల కోసం స్థలం చూసినప్పుడు చుట్టుపక్కలవాళ్లు చాలామంది వద్దన్నారు. అయినా కౌంటీ సూపర్‌వైజర్ల సమావేశానికి వచ్చి, మైకు ముందు నిలబడి "మా వీధిలోనే పెట్టండి" అన్న ఆ కొద్దిమందికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మా మరిది ఎవరో వాళ్లకి తెలియదు. 2004లో ప్రాప్ 63కి (బాగా డబ్బున్నవాళ్ల మీద పన్ను వేసి మానసిక వైద్యానికి నిధులిచ్చే ప్రతిపాదన), 2024 మార్చిలో ఆ నిధుల నియమాలు మార్చిన ప్రాప్ 1కి ఓటు వేసినవాళ్లకి కూడా. ప్రాప్ 1 గట్టెక్కింది చాలా స్వల్ప తేడాతో. దాని వల్ల 2026 జూలై నుంచి కౌంటీలకి వచ్చే ఆ నిధుల్లో 30 శాతం ఇళ్లకే ఖర్చు పెట్టాలి. బ్రిడ్జ్ హౌసింగ్ డబ్బు 2027 జూన్‌తో అయిపోతుంది, ఆ తర్వాత ఈ గదులు మూతపడకూడదని నా కోరిక. మీ కౌంటీలో దీని మీద చర్చ జరిగితే దయచేసి వెళ్లి మాట్లాడండి.

మన స్నేహితులకి. కోర్టు రోజుల్లో మా పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకుని అన్నం పెట్టినవాళ్లకి, సంగతి తెలిసి ఇండియన్ స్టోర్ నుంచి సీలు ఉన్న జంతికల ప్యాకెట్లు పంపిన అక్కకి, "ఇప్పుడేం చేస్తున్నాడు, ఏ కంపెనీ" అని ఒక్కసారి కూడా అడగని ప్రతి ఒక్కరికీ.

తనకి ఇంకా అప్పుడప్పుడు మాటలు వినిపిస్తాయి. ఇంజెక్షన్ సాగుతోంది. కేస్ మేనేజర్ ఇప్పటికీ వచ్చి చూసి వెళ్తున్నారు.

కాలిఫోర్నియాలో మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇలాంటి పరిస్థితి ఉంటే ముందు మీ కౌంటీ బిహేవియరల్ హెల్త్ వాళ్ల యాక్సెస్ లైన్‌కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 988 అనే సంక్షోభ సహాయ నంబరుకి. పిటిషన్ ఫారాలు నింపడం కష్టంగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మా ఆయనా నేనూ పక్కన కూర్చుని నింపిస్తాం, ఎవరికీ చెప్పం.