వార్షిక నివేదిక 2024–25: త్యాగయ్య నావ మన రేవుకొచ్చిన ఏడు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసింది ప్రధానంగా ఒక్కటే పని. మిగతావి ముందు చెప్పేస్తాను. జూలై వరదలప్పుడు లంక ఊళ్లకు బియ్యం, పాలపొడి, కొవ్వొత్తులు పంపాం. దసరాకి పిల్లల కచేరీ జరిగింది. వేసవి సంగీత తరగతులకు వయొలిన్ వాళ్లు తగ్గారు, మృదంగం వాళ్లు పెరిగారు. గ్రంథాలయం గది కప్పు ఇంకా కారుతూనే ఉంది. జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు విడిగా ఇస్తున్నారు. దాని మీద ప్రశ్నలు ఆయన్నే అడగండి.

ఇక అసలు సంగతి. పుష్య బహుళ పంచమినాడు, అంటే 2025 జనవరి 18న, త్యాగరాజస్వామి ఆరాధన రోజున, ఆయన రాసిన సంగీత నాటకం నౌకాచరిత్రాన్ని బొమ్మల గుడ్డతో కలిపి వేదిక ఎక్కించాం.

ఆరాధన అనగానే మనకు పంచరత్న కీర్తనలే, ఐదు రాగాల్లో ఐదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. పొద్దున గోష్ఠి, తర్వాత పులిహోర, ఎవరిళ్లకు వాళ్లు. అది ఎప్పటిలాగే జరిగింది, జరగాలి కూడా. సాయంత్రానికి ఇంకేదైనా చేద్దామన్నప్పుడు కార్యవర్గంలో నాలుగు రకాల మాటలొచ్చాయి. చివరికి నౌకాచరిత్రం నిలబడడానికి కారణం సంగీతం కాదు, రేవు. సఖినేటిపల్లి పంటు ఎక్కి నరసాపురం వెళ్లొచ్చే మనుషులం మనం. నావ నడి ఏట్లో ఉండగా గాలి తిరిగితే కడుపులో ఏమవుతుందో మనకి ఒకరు పాడి చెప్పక్కర్లేదు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గోపికలు కృష్ణుణ్ణి వెంటబెట్టుకుని యమునలో నావ విహారానికి బయల్దేరతారు. మాకు సాటి ఎవరన్న గర్వం తలకెక్కుతుంది. గాలివాన వస్తుంది, నావకి చిల్లి పడుతుంది. ఒంటి మీది బట్టలు తీసి ఆ చిల్లిలో కుక్కమంటాడు కృష్ణుడు. గర్వం పోయి, ఆయనే దిక్కని వేడుకున్నాక నావ ఒడ్డు చేరుతుంది. ఇది భాగవతంలో లేదు, త్యాగయ్య సొంత కల్పన. 20కి పైగా దరువులు, అంటే కథ నడిపే పాటలు, మధ్యలో పద్యాలు, వచనం. పాటలు విడివిడిగా కచేరీల్లో మనం విన్నవే. గంధము పుయ్యరుగా పెళ్లిళ్లలో కూడా పాడతారు. వరసగా, కథగా విన్నవాళ్లు మాత్రం మన ఊళ్లో పెద్దగా లేరు.

మొదట కుర్రాళ్లు ప్రొజెక్టరు పెడదామన్నారు. పెట్టి చూశాం. బొమ్మలు బాగానే ఉన్నాయి, అదే చిక్కయింది. గాయని ఇంకా పల్లవిలో ఉండగానే తెర మీద తుఫాను వచ్చేసింది. చూసినవాళ్లకి కథ తెలిసిపోయింది, పాట వినాల్సిన పని తీరిపోయింది. బొమ్మ పాట వెనకాల నడవాలి గాని ముందు పరిగెత్తకూడదని ఆ రోజే తీర్మానం రాసుకున్నాం. తర్వాత చేసినవన్నీ ఆ తీర్మానం ప్రకారమే.

గుడ్డ గురించి కాస్త వివరంగా చెబుతాను, డబ్బు ఎక్కువగా అయింది అక్కడే. ఆరడుగుల ఎత్తు, డెబ్బై అడుగుల పొడవు ముతక నూలు గుడ్డ. చింతగింజల జిగురులో సుద్ద కలిపి పూత. పూత మందంగా ఉంటే రంగు నిండుగా కనిపిస్తుంది, కానీ చుట్టినప్పుడల్లా పగిలి రాలుతుంది. అందుకని పల్చగా రెండు పూతలు వేసి, ఆరాక నున్నటి రాయితో రుద్దారు. చట్రం పని ప్రభలు, అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన వెదురు చట్రాలు, కట్టేవాళ్లు చేశారు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు భుజాన మోసుకుంటూ చేల మీదుగా, కౌశిక కాలువలో దిగి దాటించేవాళ్లకి వెదురు ఎక్కడ వంగుతుందో, తాడు ఎక్కడ బిగించాలో మనం నేర్పేదేముంది? తీర్థం అయిన మర్నాడే వచ్చి రెండు నిలువు వెదుళ్లు పాతి, గుడ్డ ఒకదాని మీంచి విప్పుకుని రెండోదానికి చుట్టుకునేలా చేత్తో తిప్పే పిడి అమర్చారు.

ఆ పిడి ఎవరు తిప్పాలన్నది పెద్ద చర్చ. కండ ఉన్నవాళ్లు చాలామంది ముందుకొచ్చారు. మృదంగం మాస్టారు ససేమిరా అన్నారు. తాళం తెలిసినవాళ్లే తిప్పాలని పట్టుబట్టి, పదో తరగతి చదువుతున్న తన శిష్యురాల్ని నిలబెట్టారు. ఎడమచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ కుడిచేత్తో తిప్పిందా పిల్ల. ‘ఓడను జరిపే ముచ్చట’, సారంగ రాగం, ఆది తాళం: తాళం ఒక చుట్టు తిరిగితే, అంటే ఒక ఆవర్తానికి, జానెడు గుడ్డ. గాయని సంగతులు వేస్తూ, అంటే ఒకే వరసని మార్చి మార్చి పాడుతూ, ఒకే మాట దగ్గర ఆగితే గుడ్డా ఆగేది. ప్రొజెక్టరుతో అది కుదిరేది కాదని నా అభిప్రాయం, కుర్రాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.

బొమ్మలు వేసినాయన మన మండలంవారే, సినిమా కటౌట్లు, సైన్‌బోర్డులు వేసిన చెయ్యి. బాపుగారు పుట్టిన నరసాపురం మనకి ఏటి అవతలే. గోపిక అనగానే ఎవరి కుంచైనా ఆయన గీతల వైపే పోతుంది. అది వద్దనుకుని మన చిత్రకారుడు రాజమండ్రి వెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో రోజంతా కూర్చొచ్చారు. 28వ ఏటే పోయిన ఆ మనిషి వేసిన ఆడవాళ్ల నిలకడ చూసొచ్చాక మన గోపికల మెడలు నిటారయ్యాయి. నావ బొమ్మకి మాత్రం అసలు గురువు రేవులో దొరికాడు. చిల్లి పడ్డ నావని తిన్నగా మునుగుతున్నట్టు గీసుంటే, ముసలి సరంగు ఒకాయన చూసి, “నీళ్లొచ్చిన నావ ముందు ఒక పక్కకి ఒరుగుద్దండి, జనం రెండో పక్కకి ఉరుకుతారు, అప్పుడు గదా మునిగేది” అన్నాడు. ఆ భాగం మొత్తం మళ్లీ గీశారు.

తుఫానుకి గుడ్డ ఆపేశాం. మన మహిళా సభ్యులు ఇళ్లలో అల్లే తెల్ల లేసు పట్టీలు గుడ్డకి ముందు కట్టి, కింద దీపం పెట్టి మెల్లగా ఊపారు. నావ కదల్లేదు, దాని మీద నీడల నురగ లేచింది. దీపాన్ని దగ్గరికి జరిపితే నీడ పెరుగుతుందన్న కిటుకు కాకినాడ పక్క మాధవపట్నం తోలుబొమ్మలాట వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ అల్లే చేతికి కూలి పెరగలేదని ఆ లేసు ఊపినావిడే అన్నారు. సభ్యులు ఆలోచించాలి.

బట్టల ఘట్టం మీద కార్యవర్గం రెండుసార్లు కూర్చుంది. పిల్లలు చూస్తారు, వదిలేద్దామన్నారు కొందరు పెద్దలు. వదిలేస్తే గర్వం పోయేదెలా, కథ ఎందుకు, అన్నారు గాయని. చిత్రకారుడే దారి చూపించారు: మనుషుల్ని వేయలేదు. చిల్లి, అందులోంచి చిమ్మే నీళ్లు, దానికేసి వస్తున్న చేతులు, చేతుల్లో రంగురంగుల రవికలు. హాల్లో చప్పుడు లేదు. అభ్యంతరం చెప్పిన పెద్దాయనే తర్వాత ఆ ముక్క ఫోటో తీయించుకున్నారు.

పద్యాల దగ్గర మన జిల్లా గుణం బయటపడింది. పద్య నాటకాల్లో తలపండిన మన బాబాయిగారు ఒక పద్యం అందుకుని ఆలాపన గగనానికెత్తేసరికి వెనక బెంచీల నుంచి వన్స్ మోర్! ఆయన ఆగుతారా? ఆయన మొదటికొచ్చారు, పిడి దగ్గర పిల్ల గుడ్డని వెనక్కి తిప్పింది, నది మధ్యకి వెళ్లిన గోపికలు జనం ఈలల మధ్య మళ్లీ ఒడ్డుకొచ్చేశారు. వచ్చేసారి వన్స్ మోర్లు ఉండవని కరపత్రంలో వేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. నేను వ్యతిరేకిస్తున్నాను.

ముఖ్య అతిథి ప్రసంగంలో ఒక మాట రాసి ఉంచదగ్గది. త్యాగయ్య తిరువయ్యారులో ఉండగానే, 1836 ప్రాంతంలో, కాటన్ దొర కావేరి చీలే చోట కొల్లిడం మీద ఆనకట్ట కట్టించాడు. 1847 జనవరిలో త్యాగయ్య సిద్ధిపొందారు, అదే ఏడు ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. ఆ డెల్టా పాట ఈ డెల్టాకి ఆలస్యంగా వచ్చిందని ఆయన అంటే చప్పట్లు పడ్డాయి. ఆలస్యం మనదే, పాట ఎప్పుడో వచ్చింది.

లోపాలు: మైకు గోల యథాతథం. వెనక వరసలకి గుడ్డ కింది సగం కనపడలేదు. వచ్చేసారి వేదిక రెండడుగులు ఎత్తాలి.

వచ్చే ఏడాదికి నారాయణ తీర్థుల శ్రీకృష్ణలీలా తరంగిణి అనుకుంటున్నాం. తరంగాలు 12, అన్నీ ఒక రాత్రిలో అయ్యేవి కావు. ఏవి తీసుకోవాలో సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. సంస్కృతం కాబట్టి అర్థం చెప్పే భారం బొమ్మ మీద ఎక్కువ పడుతుంది, మన తీర్మానం అక్కడ ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

గుడ్డ ప్రస్తుతం గ్రంథాలయం గదిలో, కారని మూల, అటక మీద ఉంది. వానాకాలంలోగా దాన్ని విప్పి ఎండ తగలని గాలికి ఆరబెట్టి, వేపాకు వేసి మళ్లీ చుట్టాలి. చుట్టడానికి పాత నూలు చీరలు కావాలి. ఉతికినవైతే చాలు, చిరుగులున్నా ఫర్వాలేదు. ఏ ఆదివారమైనా సాయంత్రం పట్టుకొచ్చి గదిలో ఇవ్వండి.

— కార్యదర్శి