చేప వెన్ను వంగింది పాత మేత వల్ల

ఎడిటర్ గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో నడుము వంగిన చేపల ఫోటో వేసి, కింద "నీళ్లలో విషమా? నాసిరకం సీడా?" అని రాశారు. మర్నాడు పరకాల అంగట్లో మా అత్తమ్మ గంప ముందర పెట్టుకుని కూర్చుంటే, ఏళ్లుగా ఆమె దగ్గరే చేపలు కొనేవాళ్లు కూడా "గివి ట్యాంకు చేపలేనా? వద్దు తియ్యవ్వా" అనుకుంటూ పక్కకు పోయారు. పొద్దూకేదాకా కూర్చుని సగం గంప వెనక్కి తెచ్చింది. మీ విలేఖరి మీద కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. నేనూ మూడేళ్ల కింద సరిగ్గా అట్లనే అనుకున్నాను, అట్ల అనుకుని ఒక మనిషిని నొప్పించాను. అందుకే రాస్తున్నాను.

నేను కాకతీయ యూనివర్సిటీ కింద జంతుశాస్త్రంతో డిగ్రీ చేశాను. అత్తగారిది చెరువు మీద బతికే కుటుంబం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు 60 శాతం సబ్సిడీ అంటే, ఇంటి వెనక ఏడు టార్పాలిన్ ట్యాంకులు కట్టించుకుని పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్ రకం చేపపిల్లలు వేశాం. మా దగ్గర బయోఫ్లాక్, అంటే ట్యాంకు నీళ్లలో వ్యర్థాల మీద పెరిగి చేపకు తిండయ్యే సూక్ష్మజీవుల ముద్దలు, సరిగా నిలవలేదు. దాంతో నీళ్లు మార్చుకుంటూ, దాదాపు తేట నీళ్లలోనే పెంచాం. ఈ తేట నీళ్ల సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి.

ముందుగా పట్టుకున్నది అత్తమ్మే. కత్తిపీట మీద ఒక చేపను కోస్తూ, వెన్నుపూస దగ్గర నెత్తురు గడ్డ కట్టి ఉందని చూపించింది. తోక పట్టి లేపితే చేప నిటారుగా వేలాడకుండా ఒక పక్కకు వంగింది. వారం తిరిగేసరికి ట్యాంకుకు పదీ ఇరవై అట్లాంటివి కనబడ్డాయి. రెక్కల అంచులు చివికిపోయాయి, గీరుకున్న చోట పుండ్లు మానడం లేదు. నేను నేరుగా సీడ్, అంటే చేపపిల్లలు, ఇచ్చినాయన ఇంటికి పోయి, పది మంది ముందర నానా మాటలు అన్నాను. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. "అదే బ్యాచు పిల్లలు ములుగు రోడ్డు మీద ఒకాయన మట్టి చెరువుల వేసిండు. పోయి చూసిరా బిడ్డా" అన్నాడు అంతే.

పోయి చూశాను. అక్కడ వల లాగితే వచ్చిన ప్రతి చేపా గీత గీసినట్టు ఉంది. పిల్లలవీ అవే, వేసిన వారమూ అదే. మా చేపలకే ఎందుకిట్లయిందో ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు. రెండు చేపలను ఐస్ డబ్బాలో పెట్టుకుని, చేపల రోగాలు తెలిసిన ఒక సార్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చేపల కన్నా ముందు మేత సంచి అడిగాడు. దాని కుట్టు దగ్గర, అరచేతిలో సగం కూడా లేని చీటీ మీద తయారీ తేదీ ఉంది. మేము కొనేనాటికే దానికి నాలుగు నెలలు. జనవరిలో ఒక్కసారే నలభై బస్తాలు తీసుకుంటే ధర తగ్గిస్తామన్నారని కొని, రేకుల షెడ్డులో పేర్చాం. మే నెలలో మన దగ్గర ఎండ ఎట్లుంటదో చెప్పక్కర్లేదు. రేకు కింద చేయి పెడితే కాలుతుంది. విటమిన్ సి ఆ వేడికి, గాలికి, తేమకు నిలవదు. సంచి నిండా మేత ఉంది, తూకం సరిగా ఉంది, ప్రొటీన్ కూడా ఉంది. చేపకు కావాల్సిన ఆ చిటికెడు మాత్రం అందులో లేదు.

మా కోడి, మా మేక, వీధి కుక్క తమకు కావాల్సిన విటమిన్ సిని ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు, మనం పెంచే చేపల్లో చాలావాటికీ లేదు. ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ గట్టిపడాలంటే అది తప్పనిసరి. అది అందకపోతే వెన్నుపూస మెత్తబడుతుంది. చేప ఈదేటప్పుడు రెండు పక్కల కండలు లాగుతుంటే ఆ మెత్తటి వెన్ను ఆగలేక వంగిపోతుంది, లోపల నెత్తురు కారుతుంది. సముద్రం మీద నెలల తరబడి పోయే నావికులకు చిగుళ్ల నుంచి నెత్తురు కారే జబ్బు, స్కర్వీ, ఉండేదని చదువుకున్నాం కదా. 1747లో జేమ్స్ లిండ్ అనే డాక్టరు నారింజలు, నిమ్మకాయలు ఇచ్చి తగ్గించింది ఆ జబ్బునే. మా ట్యాంకులో చేపలకు వచ్చిందీ అదే లోపం. కిలో మేతలో 25 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటే చాలా జాతులకు సరిపోతుంది. కిలోలో అంత అంటే వేలి కొనకు అంటేంత కూడా కాదు.

మరి ములుగు రోడ్డు చెరువులో చేపలు ఎట్ల బాగున్నాయి? అవి మేత ఒక్కటే తినలేదు. మట్టి చెరువులో నాచు, పురుగు, కంటికి కనబడని ప్లవకాలు ఉంటాయి, విటమిన్లు వాటి నుంచే అందుతాయి. పై నీళ్లలో బొచ్చె, నడిమి నీళ్లలో రవ్వు, అడుగున మోసు, ఎవరి తిండి వాళ్లు వెతుక్కుంటారు. మా మామ తన చెరువులో తవుడు, పల్లిచెక్క తప్ప ఇంకొకటి వేసి ఎరుగడు, ఆయన చేపలకు ఎన్నడూ నడుము వంగలేదు. గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువులో చేపకు విటమిన్ ప్యాకెట్ ఎవరు వేశారు? కానీ మాలాంటి తేట నీళ్ల టార్పాలిన్ ట్యాంకులో, డ్యాం నీళ్లలో కట్టిన వల పంజరంలో ఉన్న చేపకు వెతుక్కునే దారి లేదు. దానికి మనం ఏది వేస్తే అదే లోకం. మొత్తం 15 విటమిన్లు, నూనెలో కరిగేవి 4, నీళ్లలో కరిగేవి 11, ఆ మేత గోళీలోనే ఉండాలి. వాటిలో ఒకటైన పాంటోథెనిక్ ఆమ్లం తగ్గితే మొప్పల పోగులు ఒకదానికొకటి అతుక్కుని చేపకు ఊపిరాడదు. మనం నీళ్లలో గాలి చాలడం లేదనుకుని గాలి మోటారు పెంచుతాం. ఆ సార్ చెప్పేదాకా నాకు కూడా ఇది తెలియదు.

మేతలో నూనె పాడైనా అంతే. ముక్కిన వాసన వచ్చిందంటే దానిలో విటమిన్ ఇ ఖర్చయిపోయినట్టే. జపాన్‌లో పాతబడి నూనె చెడిన పట్టుపురుగు ప్యూపాలు తిన్న కార్ప్ చేపలకు వీపు కండ కరిగి సన్నబడిపోయిన జబ్బును అక్కడివాళ్లు ఎప్పుడో గుర్తించారు. కొర్రమీను పెంచే మా పక్క ఊరి తమ్ముళ్లకు ఇంకో మాట చెప్పాలి. కొన్ని జాతుల చేపల పచ్చి మాంసంలో విటమిన్ బి1ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. చిన్న చేపలు పచ్చివే రోజూ వేస్తే కొర్రమీను గిలగిలా కొట్టుకుని, పక్కకు ఒరిగి తిరుగుతుంది. వాటిని ఉడికించి వేస్తే ఆ పదార్థం చచ్చిపోతుంది. కట్టెల ఖర్చే తప్ప వేరే మందు అక్కర్లేదు.

వంగిన ప్రతి చేపా విటమిన్ లోపమే అని నేను అనడం లేదు. కొన్ని మందుల వల్ల, కొన్ని పురుగుల వల్ల, పుట్టుకతో కూడా వెన్ను వంగుతుంది. కోసి చూసి, మేత చూసి చెప్పాలి. అది చూడకుండా విషం అని అచ్చు వేస్తే నష్టపోయేది ఎండలో గంప పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లే. విటమిన్ సి లేక వంగిన చేప, తిన్న మనిషికి విషం కాదు.

మేము పాత మేత ఆపేసి, కొత్త తేదీది తెచ్చి, వేడికి తట్టుకునే ఫాస్ఫేట్ రకం విటమిన్ సి ఉన్నదే అడిగి కొన్నాం. నెల తిరిగేసరికి పుండ్లు మానాయి. వంగిన వెన్నులు మాత్రం వంగినట్టే ఉండిపోయాయి. ఎముక ఒకసారి అట్ల గట్టిపడితే తిరిగి సరికాదని సార్ ముందే చెప్పారు. ఆ చేపలను సగం ధరకు ఇచ్చేశాం. సీడ్ ఇచ్చినాయన ఇంటికి మళ్లీ పోయి, అదే పది మంది ముందర తప్పైందన్నాను.

సరుకులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ 2014లోనే ఐఎస్ 16150 కింద చేపల మేతకు ప్రమాణాలు ఇచ్చింది, అందులో కార్ప్ చేపలకు, క్యాట్‌ఫిష్‌కు వేరువేరు భాగాలున్నాయి. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2020లో చేపల మేత నాణ్యత మీద చట్టమే చేసింది. మనకు మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రైతు ఒక పిడికెడు మేత తీసుకుపోతే పరీక్ష చేసి చెప్పే ఏర్పాటు అక్కడ పెడితే, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి నుంచి మేమంతా బస్సెక్కి వస్తాం. సబ్సిడీ ట్యాంకు ఇచ్చే రోజున ట్యాంకు కొలతలతో పాటు మేత నిల్వ గురించి అరగంట చెప్పమనండి. సంచి మీద తేదీని తెలుగులో, బియ్యం సంచి మీద బ్రాండు పేరంత పెద్దగా వేయించమనండి. చదువు రాని వాళ్లు కూడా అంకెలు గుర్తుపడతారు.

మీరు కూడా ఆ వార్త వేసిన పేజీలోనే, అంత పెద్దగానే, చేప వెన్ను ఎందుకు వంగుతుందో ఒకసారి రాయండి. మీ విలేఖరిని పంపితే మా ట్యాంకులు, ములుగు రోడ్డు చెరువు రెండూ చూపిస్తాను. ఇప్పుడు మేము ఒకేసారి పది బస్తాలకు మించి తేవడం లేదు. వాటిని రేకుల షెడ్డు నుంచి పెంకుటింట్లోకి, కింద చెక్క పీటలు వేసి మార్చాం. అత్తమ్మ ప్రతి పున్నానికి ఒక్కో సంచి మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. మూడో గీత పడేలోపు ఆ సంచి ఖాళీ కావాలి.

ఇట్లు,
ఒక చేపల రైతు,
పరకాల మండలం, హనుమకొండ జిల్లా