బి.ఏ. చదివిన మా అమ్మాయి సర్టిఫికెట్లు ఇప్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి గుంటూరు నుంచి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, ఇది నేను రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి మూడూ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీలు. నాలుగోది మీ పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మొదటి అర్జీ ఇచ్చి వారం తిరక్కుండానే నా ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైంది అని. ఆ రోజు మా ఇంట్లో పరమాన్నం వండుకున్నాం. మర్నాడు పొద్దున్నే కాలేజీకి వెళ్తే, మాకేమీ రాలేదండీ, డబ్బు పడితేనే టీసీ అన్నారు. రెండోసారీ అదే మెసేజ్, మూడోసారీ అదే మెసేజ్. ఇప్పుడు ఫోను మోగితే మా ఆవిడ దాని వంక చూడటం కూడా మానేసింది.

మా అమ్మాయి బి.ఏ. పూర్తి చేసింది. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాస్తే నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు వచ్చింది. చేరాలంటే టీసీ కావాలి, ఒరిజినల్స్ కావాలి. పిల్లల ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉంది కాబట్టి కాలేజీ వాళ్లు ఇవ్వరు. ఈ పథకం సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఆ రీయింబర్స్‌మెంట్ ఆపేస్తూ 2020 డిసెంబరులో జీవో 77 వచ్చాక, ప్రైవేటు కాలేజీలో పీజీ అనే మాటే మా ఇంట్లో ఎత్తలేదు. చదివితే యూనివర్సిటీ క్యాంపస్‌లోనే చదవాలి, లేదంటే లేదు అని తనకు తానే చెప్పుకుని రాత్రిళ్లు కూర్చుని చదివింది. అలా తెచ్చుకున్న సీటు ఇది.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. వేసవిలో యార్డుకి సెలవులిచ్చిన నెలలోనే కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మొత్తం 27 వేలు అన్నారు. ఆ నెల నాకు చేతికొచ్చేది సగం జీతం. తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 12 వేలు తెచ్చి కట్టాను. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు, ప్రభుత్వం డబ్బు పడ్డాక తిరిగి ఇస్తామని. మిగతా 15 వేలు కూడా కడితేనే సర్టిఫికెట్లు అన్నారు. నాకు ఇంకో కొడుకున్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. ఆ 15 వేలు ఎక్కడ తేవాలో మీరే చెప్పండి.

పోయిన నెలలో వెళ్లినప్పుడు కాలేజీ ఆఫీసులో ఉన్నాయన జాలిపడి బీరువా తెరిచాడు. వరసగా కవర్లు, తాళ్లతో కట్టిన కట్టలు. మా అమ్మాయి కవరు వెతికి తీసి బల్ల మీద పెట్టాడు. పైన తన పేరు, హాల్‌టికెట్ నంబరు, పక్కన ఎర్ర సిరాతో డ్యూ అని రాసి ఉంది. మా అమ్మాయి చెయ్యి చాచింది. ఆయన తలూపి, కవరు మళ్లీ కట్టలో పెట్టి తాళం వేశాడు. అడుగు దూరంలో ఉన్న తన సొంత కాగితాలను ముట్టుకోలేక బయటికొచ్చి, స్కూటర్ దగ్గర చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. ఆయన్ని నేను తప్పు పట్టడం లేదు. అక్కడ లెక్చరర్లకే నెలల తరబడి జీతాలు లేవట. మీ దగ్గర ఆగిన డబ్బు వాళ్ల ఇళ్లల్లో పొయ్యి మీదా పడింది, మా మీదా పడింది.

కానీ మంత్రి గారూ, ఇంకో ఆఫీసులో విన్న మాట మాత్రం నాకు మింగుడు పడటం లేదు. బిల్లు ఎప్పుడు కదులుతుందని అడగడానికి వెళ్తే, "బి.ఏ.నే కదండీ, అంత తొందరేముంది? ఇంజనీరింగ్ పిల్లలకైతే ఉద్యోగాలు పోతాయి" అన్నారు. మా అమ్మాయి పక్కనే ఉంది. నేను కోపిష్టిని కాదు. ఆ రోజు మాత్రం చేతులు వణికాయి.

ఇంజనీరింగ్ పిల్లలకి ముందు ఇవ్వొద్దని నేననను. వాళ్లూ మా బిడ్డలే. అయితే బి.ఏ. చదివే పిల్ల ఏం చేస్తుందో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదని మాత్రం నాకు అర్థమైంది. అది మీకైనా తెలియాలనే ఇంత పొడుగు రాస్తున్నాను.

డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని 180 గంటలు జనంలో పనిచేయాలి గదా. మా అమ్మాయి ఎక్కడికో పోకుండా మా వీధినే ఎంచుకుంది. మా వీధిలో సగానికి సగం ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తారు. రోజూ సాయంత్రం పలకా, కాగితాలూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చేది. నేను పాతికేళ్లుగా ఆ కాయల మధ్యే బతుకుతున్నాను. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తెలుసు, తేజ రకం రేటు తెలుసు, రంగు పోయిన తాలు కాయ ఎంత పోతుందో తెలుసు. మా వీధి చివర ఉండే ఒక తల్లి, పని నుంచి వచ్చాక చేతులకి కొబ్బరినూనె రాసుకుని అరగంట కూర్చుంటుందనీ, మంట తగ్గాక గానీ చంటిబిడ్డని ఎత్తుకోదనీ నాకు తెలియదు. అది మా అమ్మాయి రాసుకొచ్చిన కాగితంలో చదివి తెలుసుకున్నాను.

ఇంకో సంగతి కూడా రాసింది. యార్డుకి సరుకు ముంచెత్తేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. సరిగ్గా పరీక్షల కాలం. తల్లికి రోజంతా పని దొరికే ఆ రోజుల్లో ఇంట్లో చిన్నవాళ్లని చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది, లేదంటే తల్లి పక్కనే కూర్చుని తనూ తొడిమలు తీస్తుంది. బడి రిజిస్టరులో అది ఆబ్సెంట్ అని మాత్రమే ఉంటుంది. ఎందుకు ఆబ్సెంటో మా అమ్మాయి నోట్సులో ఉంది. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి, మా వార్డులో మనుషులెందరో చెప్పే పూర్తి లెక్క 2011 నాటిది. అప్పుడు పుట్టిన పిల్లలు హైస్కూలుకొచ్చేశారు. ఇలాంటప్పుడు ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకొచ్చే పిల్లలు ప్రభుత్వానికి అక్కర్లేదా?

తను ఒకసారి అన్నం తింటూ చెప్పింది. దేశం ఎంత ఎదిగిందో చూడటానికి ఒక్క ఆదాయమే చూస్తే చాలదని, మనుషుల ఆయుష్షు, చదువు కూడా కలిపి కొలవాలని 1990లో ఐక్యరాజ్యసమితి నివేదికలో మొదలుపెట్టారట. దాని వెనక మన అమర్త్య సేన్ ఆలోచన కూడా ఉందట. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసినవాడిని, నాకు ఆ పూట అన్నం కంటే ఆ మాటే ఎక్కువ కడుపు నింపింది. మీరు అభివృద్ధి గురించి మాట్లాడే ప్రతి సభలో ఆ కొలతలే వాడతారు గదా. ఆ కొలతలు నేర్చుకుంటున్న పిల్ల సర్టిఫికెట్లే బీరువాలో ఉన్నాయి.

అంబేద్కర్ గారిని తలచుకోండి. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తోనే ఆయన కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. చదివింది ఎకనామిక్స్, దాంతో పాటు సోషియాలజీ, చరిత్ర. ఆ స్కాలర్‌షిప్ గడువు ముగిసిపోయి, 1917లో లండన్ చదువు మధ్యలో వదిలేసి ఇంటికి రావాల్సొచ్చింది. మళ్లీ వెళ్లడానికి మూడేళ్లు పట్టింది. అంతటి మనిషికే చదువు డబ్బు దగ్గర ఆగింది. ఆయనకి పట్టుదల ఉంది, మళ్లీ వెళ్లారు. ఆగిపోయి మళ్లీ వెళ్లలేకపోయిన వాళ్లు ఎందరో మనకు తెలియదు. ఆయన విగ్రహానికి దండ వేసేటప్పుడు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి, అంతకంటే ఏమీ అడగను.

జ్యోతిరావు ఫూలే కూడా 1882లో బ్రిటిష్ ప్రభుత్వం చదువుల మీద వేసిన హంటర్ కమిషన్‌కి అర్జీ లాంటిదే పెట్టుకున్నారు. సర్కారు ఖజానా నిండేది రైతుల, కూలీల చెమటతో, ఆ డబ్బు పై వర్గాల చదువుకి పోతోంది, కింది వాళ్ల పిల్లలకి బడులు కావాలి అన్నారు. ఇది కూడా మా అమ్మాయే చెప్పింది. యార్డులో పోసిన ప్రతి టిక్కీ మీద సెస్సు కడుతున్నాం. హమాలీ మోస్తాడు, తొడిమలు తీసే తల్లి చేతులు మండించుకుంటుంది. వాళ్ల పిల్లల బకాయి మాత్రం తర్వాత చూద్దాం అంటే ఎలాగండీ?

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదని 2018 అక్టోబరులో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నోటిఫికేషన్ ఇచ్చింది. దాని కాపీ తీసి కాలేజీలో చూపించాను. నిజమేనండీ, మరి మాకు డబ్బెవరిస్తారు అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మీ దగ్గరే ఉంది.

చదువుకి జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు పెట్టాలని కేంద్రం చదువుల మీద వేసిన కొఠారీ కమిషన్ చెప్పి 60 ఏళ్లవుతోంది. 1968 జాతీయ విద్యా విధానంలోనూ ఆ మాటే, 1986లోనూ ఆ మాటే, 2020లోనూ ఆ మాటే. అంత పెద్ద లెక్క నేనడగడం లేదు. నేనడిగేది 27 వేలు. ఆ బీరువాలో ఉన్న మిగతా కవర్ల పిల్లలకీ రావాల్సింది ఇంచుమించు అంతే.

దయచేసి బకాయిలు విడుదల చేయండి. ఒక్క విడత కాదు, పూర్తిగా. అంత డబ్బు ఇప్పటికిప్పుడు లేకపోతే, ఎప్పుడు ఇస్తారో తేదీ వేసి కాలేజీలకి కాగితం ఇవ్వండి, ఆ కాగితం మీద పిల్లల సర్టిఫికెట్లు వదలమని చెప్పండి. నాలాగా వడ్డీకి తెచ్చి కట్టినవాళ్లకి ఆ డబ్బు వెనక్కి ఇప్పించండి. అర్జీ పరిష్కారం కాకుండానే పరిష్కారమైందని మెసేజ్ పంపొద్దని కింది వాళ్లకి చెప్పండి. మా ఇంట్లో ఇంకోసారి పరమాన్నం వండించి ఏడిపించొద్దు.

యూనివర్సిటీ వాళ్లు అండర్‌టేకింగ్ రాయించుకుని ఈ నెలాఖరు దాకా గడువిచ్చారు. ఇక పదకొండు రోజులు ఉన్నాయి. ఆ టెన్షన్‌లో మా అమ్మాయి రెండు పూటలు అన్నం సరిగా తినడం లేదు. నిన్న రాత్రి, నాన్నా, పోనీ ఏదైనా షాపులో బిల్లింగ్‌కి చేరతాను, వచ్చే ఏడాది చూద్దాం అంది. నేను వద్దన్నాను. మీ మీద నమ్మకంతోనే వద్దన్నాను అయ్యా.

మూడు అర్జీల రసీదులు, తెల్లకాగితం మీద రాసిచ్చిన 12 వేల రసీదు, మా అమ్మాయి సర్వే కాగితాల జిరాక్స్ ఈ లేఖతో జతచేసి మీకు పంపుతున్నాను. సర్వే కాగితాల్లో బడి మానేసిన పిల్లల గురించి రాసిన పేజీకి మడత పెట్టాను. వీలుంటే అది ముందు చదవండి.

ఇట్లు,
మిర్చి యార్డు గుమస్తా,
గుంటూరు