సంతకం లేని శాంపిల్‌కు రిపోర్టు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ పత్రిక చిన్న ప్రకటనల్లో బిడ్డకు తండ్రెవరో తేల్చే డీఎన్ఏ టెస్టుల గురించి తరచూ కనిపిస్తోంది. ‘ఎవరికీ తెలియకుండా, ఇంట్లోంచే శాంపిల్ పంపండి, మీ అనుమానం తీర్చుకోండి’ అన్న ధోరణిలో ఉంటున్నాయి. వాటి గురించే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్న పూట మా ఆడపడుచు కొడుకు ల్యాబ్‌లో కూర్చుని బ్లడ్ శాంపిల్స్ తీస్తుంటాను. మా దగ్గర చేసేవి షుగరు, థైరాయిడ్, లివర్ పరీక్షలే. డీఎన్ఏ చేయం. అయినా ఆ ప్రకటనలు చదివినవాళ్లు వచ్చి అడుగుతూనే ఉంటారు.

మొన్న ఒకాయన వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. జనం పల్చబడేదాకా బయట బండి మీదే కూర్చుని, అప్పుడు లోపలికొచ్చి చొక్కా జేబులోంచి జిప్ కవర్ తీశాడు. అందులో బొమ్మ పిడి ఉన్న చిన్న టూత్‌బ్రష్, ఇంకో కవర్లో కాసిని వెంట్రుకలు. ‘ఇవి మా అబ్బాయివి మేడమ్. సెలూన్‌లో కటింగ్ చేయించినప్పుడు ఏరుకొచ్చాను. మా ఆవిడకి తెలియకూడదు’ అన్నాడు. తడి బ్రష్‌ని ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుందని, కత్తెర వేసిన వెంట్రుకకు కుదురు ఉండదు కాబట్టి ఈ పరీక్షకు పనికిరాదని చెప్పాను. ‘అయితే కుదురుతో సహా పీక్కొస్తే సరిపోతుందా?’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పిల్లాడికి అయిదేళ్లు కూడా ఉండవు, ఆ బ్రష్ సైజు చూస్తేనే తెలుస్తోంది.

ఆయన్ని తిట్టి పంపేయలేదు లెండి. మనిషి నిద్రపోయి ఎన్నాళ్లయిందో అన్నట్టున్నాడు. కూర్చోబెట్టి ఈ పరీక్ష ఏమిటో చెప్పాను. మీ పాఠకులకూ అదే చెబుతాను, ఎందుకంటే సినిమాల్లోనూ సీరియళ్లలోనూ చూసి చాలామంది ఇదేదో ప్రెగ్నెన్సీ కిట్‌లాంటిదనుకుంటున్నారు.

మన కణాల్లో 23 జతల క్రోమోజోములుంటాయి. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. వాటి మీద కొన్ని చోట్ల డీఎన్ఏలోని చిన్న ముక్క ఒకటే వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరికి 12 సార్లు, ఇంకొకరికి 17 సార్లు. ల్యాబ్‌లో లెక్కపెట్టేది దీన్నే. ఒక చోట తల్లికి 12, 15 ఉన్నాయనుకోండి. బిడ్డకు 15, 17 ఉంటే, 15 అమ్మ ఇచ్చింది, 17 తండ్రి నుంచి రావాలి. ఆయనకు 14, 17 ఉంటే ఆ చోట కుదిరినట్టు. ఇలా ఇరవై, అంతకు పైచిలుకు చోట్ల చూస్తారు. ఒక్క చోట తేడా వచ్చినంత మాత్రాన ‘కాదు’ అనేయరు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చేటప్పుడు ఆ అంకె ఒకటి పెరగడమో తగ్గడమో అరుదుగా జరుగుతుంది. కొన్ని చోట్ల అసలు కుదరకపోతే తండ్రి కాడని తేలుస్తారు. అన్నీ కుదిరితే 99.99 శాతం అని వస్తుంది గానీ వంద అని రాయరు. సంబంధం లేని ఇంకో మగవాడితో కూడా ఇలాగే కుదిరే అవకాశం ఎంతో చూసి వేసిన లెక్క అది. అనుమానం సొంత అన్నదమ్ముడి మీదైతే ఆ లెక్కే మారిపోతుంది. తల్లి శాంపిల్ లేకుండా కూడా చేస్తారు గానీ లెక్కకు బలం తగ్గుతుంది. దొంగచాటు పరీక్షలో తల్లి శాంపిల్ ఎలాగూ ఉండదు.

తోబుట్టువులా కాదా అన్నది ఇంకా చిక్కు. ఒకే తల్లీతండ్రీ అయినా పిల్లల మధ్య సగటున సగమే కలుస్తుంది. తల్లో తండ్రో ఒక్కరే ఉమ్మడి అయితే పావు. అటూ ఇటూ కాని జవాబు రావడం కద్దు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము చూస్తే వంశం తెలుస్తుంది గానీ, ఆ ఇంట్లో తాత, తండ్రి, బాబాయి అందరిదీ దాదాపు ఒకటే. వాళ్లలో ఎవరన్నది అది చెప్పదు.

పద్ధతిగా ఎలా చేస్తారో కూడా చెప్పాలి. కోర్టు ఉత్తర్వుతో తల్లి, బిడ్డ, తండ్రి అంటున్న మనిషి ముగ్గురూ వస్తారు. గుర్తింపు కార్డులు చూస్తారు, ఫారం మీద ఫొటోలు అంటిస్తారు, సంతకాలో వేలిముద్రలో తీసుకుంటారు, సాక్షి సంతకం ఉంటుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నారా, ఎముక మజ్జ మార్పిడి అయిందా అని అడుగుతారు, ఎందుకంటే అలాంటివారి రక్తంలో ఇంకొకరి డీఎన్ఏ ఉండొచ్చు. తర్వాత ఊదా మూత ట్యూబులోకి రక్తం, లేదంటే బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తీసిన శాంపిల్. దూదిపుల్లను నీడన ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టాలి. వాళ్లందరి ముందే సీలు వేస్తారు. ఎవరి శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో కాగితం మీద ఉంటుంది. ఇవేమీ లేని టూత్‌బ్రష్ రిపోర్టు పట్టుకుని కోర్టుకెళ్తే, అది ఆ పిల్లాడి బ్రషే అని ఎవరు చెబుతారు?

ఇంత పద్ధతిగా చేసినా ఆ గదిలో ఉండటం తేలిక కాదు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు అలా వచ్చిన ఒక పాప, రెండో క్లాసో మూడో క్లాసో, సిరంజి చూసి ‘నాకు జ్వరం లేదు కదా ఆంటీ, ఎందుకు?’ అని అడిగింది. వాళ్లమ్మ చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంది. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారని కాసేపు ఆగాను. చివరికి డాక్టరుగారే ‘బలం ఉందో లేదో చూస్తాంరా తల్లీ’ అన్నారు.

మన కోర్టులు ఈ పరీక్షకు ఊరికే ఒప్పుకోకపోవడానికి కారణం ఆ పాపలాంటి పిల్లలే. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, లేదా ఆ పెళ్లి రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ, ఆ భర్త బిడ్డేనని చట్టం అంటుంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో అది 112వ సెక్షను, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 116. భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువు చేస్తేనే ఆ మాట పక్కకు పోతుంది. అడిగినవారికల్లా రక్తపరీక్షకు ఆర్డరు ఇవ్వకూడదని, రక్తం ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుందూ కేసులో చెప్పింది. 2023లో ఫిరోదియా కేసులోనైతే, భార్య మీద వ్యభిచారం ఆరోపణ రుజువు చేసుకోవడానికి బిడ్డను పరీక్షకు లాగొద్దంది. ఆస్తి తగాదాలకూ ఇంతే. 2021లో ఒక కేసులో, ఆయన మా తోడబుట్టినవాడే కాదు, పరీక్ష చేయించండని అక్కచెల్లెళ్లు అడిగారు. ఇష్టం లేని మనిషిని బలవంతపెట్టడం వ్యక్తిగత గోప్యతకు విరుద్ధమని సుప్రీంకోర్టు ఆ కోరిక తోసిపుచ్చింది. అయితే సమ్మతి ఇవ్వకపోతే ఇక అంతా సుఖమే అనుకోకూడదు. కారణం లేకుండా నిరాకరిస్తే కోర్టు దాన్ని వారికి వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోవచ్చు.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఎన్.డి. తివారీగారిది. ఆయన మన ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్న 2008లోనే, ఆయనే నా తండ్రి అంటూ రోహిత్ శేఖర్ ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. తివారీగారు ఏళ్ల తరబడి శాంపిల్ ఇవ్వనన్నారు. చివరికి 2012 మేలో సుప్రీంకోర్టు కూడా అడ్డుకోకపోవడంతో డెహ్రాడూన్‌లోని ఇంట్లోనే రక్తం తీశారు. దాన్ని పరీక్షించింది మన హైదరాబాదులో డీఎన్ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీలో. ఆ జులైలో రిపోర్టు తెరిస్తే తండ్రి ఆయనేనని తేలింది. అక్కడ అడిగింది ఎదిగిన కొడుకు, తన పుట్టుక గురించి తాను. రెండు పక్షాల మాటా విని, అన్ని మెట్లూ ఎక్కాకే సూది పడింది. ఈ టూత్‌బ్రష్ వ్యవహారంలో పిల్లాడి తరఫున మాట్లాడే మనిషే లేడు.

భరణం ఎగ్గొట్టడానికి ‘ఆ బిడ్డ నాది కాదు’ అనే మగవాళ్లనూ చూశాను. అలాంటిచోట పరీక్ష ఆ తల్లికి అండగా నిలుస్తుంది. కాబట్టి పరీక్షే చెడ్డదని నేననడం లేదు. 2025లో పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో, కర్నూలు దగ్గర బస్సు కాలిపోయినప్పుడు, గుర్తుపట్టలేని మృతదేహాలను ఇంటివాళ్లకు అప్పగించగలిగింది ఈ పరీక్షతోనే. తమవాళ్ల కోసం రక్తం ఇచ్చిన ఆ తల్లిదండ్రులు, బిడ్డలు ఆ ఒక్క పనికోసమే ఇచ్చారు. రేపు ఆ శాంపిల్‌తో ఎవరైనా మరొకటి తవ్వుతామంటే మళ్లీ వాళ్లను అడగాల్సిందే.

అమెరికా వీసాల సంగతి కూడా రాయాలి, మా జిల్లాలో ఇంటికొకరు అక్కడున్నారు కనుక. పిల్లలు తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేస్తారు. పాతకాలంలో ఇంట్లో పురుళ్లు పోసుకున్నవాళ్లకు బర్త్ సర్టిఫికెట్ ఉండదు, ఉన్నా ఏళ్ల తర్వాత తీసుకున్నదై ఉంటుంది. చూపిన కాగితాలు చాలవనిపిస్తే కాన్సులేట్ డీఎన్ఏ టెస్టు చేయించుకోవచ్చని సూచిస్తుంది. అది ఇష్టపడి చేయించుకునేదే. ఏఏబీబీ అనే అక్కడి సంస్థ గుర్తింపు ఉన్న అమెరికా ల్యాబ్ కిట్‌ను నేరుగా ఇక్కడికి పంపుతుంది. మధ్యలో మన చేతికివ్వరు. తల్లీబిడ్డల సంబంధానికి 99.5 శాతమైనా రావాలి.

మా వీధిలో ఉండే మామ్మగారొకరు ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఫలహారం పెట్టినా ముట్టలేదు. మా ఆయన బయటికి వెళ్లేదాకా ఆగి, ‘ఏమ్మా, ఆ పరీక్షలో పెంచిందెవరో కన్నదెవరో కూడా తెలిసిపోతుందా?’ అని అడిగారు. ‘తెలుస్తుంది మామ్మగారూ. మీరు వద్దంటే మానేయొచ్చు, సంతకం పెట్టాల్సింది మీరే’ అన్నాను. కడుపున పుట్టకపోయినా పుట్టినట్టే పెంచుకోవడం, దత్తత కాగితాలేమీ రాసుకోకపోవడం మన ఇళ్లలో ఎంత మామూలో మీకు తెలియనిది కాదు. ఆవిడ నెల రోజులు తీసుకున్నారు. ల్యాబ్ రిపోర్టులో చదివి తెలుసుకునేలోపే కొడుక్కి ఫోన్‌లో తానే చెప్పుకున్నారు. ఇక్కడ సమ్మతి అంటే ఆ నెల రోజులే. ఎదుటి మనిషికి ఆలోచించుకునే వ్యవధి, కాదనే వీలు లేకుండా తీసిన శాంపిల్‌ని నేను శాంపిల్ అనను.

ఇక చట్టం. బ్రిటన్‌లో 2004 నాటి హ్యూమన్ టిష్యూ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా ఒకరి డీఎన్ఏ పరీక్షించాలని శాంపిల్ దగ్గర పెట్టుకోవడమే నేరం, మూడేళ్ల దాకా జైలు. ఫ్రాన్స్‌లో జడ్జి ఆదేశం లేకుండా తండ్రెవరన్న పరీక్షే కుదరదు. మన దగ్గర డీఎన్ఏ సాంకేతికత నియంత్రణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది, 2023లో వెనక్కి తీసుకున్నారు. దాని మీద అభ్యంతరాలు ఉండేవి, నిజమే. నేరగాళ్ల డీఎన్ఏ బ్యాంకుల విషయంలో వాటిలో కొన్నిటిని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ బిల్లుతో పాటు, ప్రైవేటు ల్యాబులకు ముకుతాడు వేసే ఆలోచన కూడా అటకెక్కింది. మన పార్లమెంటు సభ్యులు కనీసం ఆ ఒక్క ముక్కనైనా విడిగా తెమ్మని అడగాలి.

టూత్‌బ్రష్ తెచ్చినాయనకు నేను న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ నంబరు 15100 రాసిచ్చాను. ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలింగ్ ఉంటుందని చెప్పాను. ముందు ఇంట్లో ఆవిడతో మాట్లాడమన్నాను. వెళ్లాడో లేదో తెలియదు. ఆ బ్రష్ మాత్రం నా దగ్గరే వదిలేయమని అడిగి, చెత్తబుట్టలో వేశాను.

మీకు నా మనవి ఒక్కటే. ఈ ప్రకటనలు తీసుకునేటప్పుడు ‘పరీక్షకు సంబంధించిన ప్రతి ఒక్కరి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి’ అన్న లైను పెద్ద అక్షరాల్లో వేయమని ఆ ల్యాబులవాళ్లను అడగండి. వేయనంటే ఆ ప్రకటన తీసుకోకండి. దానివల్ల మీకు పోయే డబ్బు ఎంతో ఉండదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
రాజమహేంద్రవరం.
(ఊళ్లో మమ్మల్ని ఎరిగినవాళ్లు ఎక్కువ. దయచేసి నా పేరు ప్రచురించవద్దు.)